తాలీం మట్టి నుంచి ఇనుప బోను దాకా

జుమా నమాజు ముగించుకుని మసీదు మెట్లు దిగుతుంటే, "భాయ్ సాబ్, ఒక్క నిమిషం" అని వెనక నుంచి పిలుపు వినిపించింది. మూసారాంబాగ్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండే పెద్దమనిషి. పిల్లల చదువుల కోసం సూర్యాపేట నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. పక్కన ఆయన కొడుకు నిలబడి ఉన్నాడు. ఇంటర్ రెండో సంవత్సరం. మెడ బలిసి, భుజాలు విశాలమై, వయసుకు మించిన మనిషిలా ఉన్నాడు. తలమీద టోపీ. దాని కింద ఎడమ చెవి ఉబ్బి, ముడుచుకుపోయి కనిపించింది. ఏళ్ల తరబడి కుస్తీ పట్టేవాళ్ల చెవులు అలాగే ఉంటాయి.

"వీడు ఎంసెట్ రాయనంటున్నాడు" అన్నారాయన. "ఫైటింగే నా పని అంటున్నాడు. బోనులోకి దిగి కొట్టుకోవడమట. డబ్బు వస్తుందట. మీరు పత్రికలో రాస్తుంటారు కదా, ఇది హలాలో హరామో కాస్త చెప్పండి."

కుర్రవాడు తల వంచుకున్నాడు గానీ తగ్గలేదు. "ఖబీబ్ కూడా ఇదే చేశాడు చాచా" అన్నాడు మెల్లగా.

అప్పటికప్పుడు నా దగ్గర జవాబు లేదు. వచ్చే జుమాకి మాట్లాడుకుందామని చెప్పి వచ్చేశాను. ఆ వారం రోజుల్లో చదివినదీ, చూసినదీ, అడిగి తెలుసుకున్నదీ ఈ వ్యాసం. ఇలాంటి ప్రశ్న ఆ ఒక్క ఇంట్లోనే ఉందని నేననుకోను.

మా మూసారాంబాగ్ పేరులోనే ఒక యోధుడు ఉన్నాడు. రెండో ఆసఫ్ జా నిజాం అలీఖాన్ కొలువులో సేనాధిపతిగా పనిచేసిన ఫ్రెంచివాడు రేమండ్. 1798లో మరణించాడు. ముస్లిములు ఆయన్ని మూసా రహీం అనీ, హిందువులు మూసా రామ్ అనీ పిలుచుకున్నారు. ఆ పేరే ఈ బస్తీకి మిగిలింది. ఆయన సమాధి ఇప్పటికీ దగ్గరలోని గుట్టమీదే ఉంది. యుద్ధం చేసి జీతం తీసుకున్నవాడి పేరు పెట్టుకున్న బస్తీలో, కొట్లాట వృత్తి అవుతుందా అని ఒక తండ్రి అడగడం నాకు కాస్త చిత్రంగానే తోచింది.

ఇక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తా ఎంతో దూరం లేదు. ఒకప్పుడు ఆ రోడ్డున తలెత్తి చూస్తే కోచింగ్ సెంటర్ల బోర్డులే. ఇప్పుడూ ఉన్నాయి. కానీ వాటి మధ్య, మూడో అంతస్తులోనో నాలుగో అంతస్తులోనో, కిక్ బాక్సింగ్, ఎం.ఎం.ఎ. అన్న బోర్డులు కూడా కనిపిస్తున్నాయి. ఎం.ఎం.ఎ. అంటే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్. బాక్సింగ్ గుద్దులు, కరాటే తన్నులు, కుస్తీ పట్లు, జూడో విసుర్లు, గొంతు బిగించి, కీళ్లు మెలిపెట్టి లొంగదీసే జుజుత్సు, అన్నీ కలిపిన పోరు. సాధారణ పోటీలో అయిదేసి నిమిషాల మూడు రౌండ్లు, టైటిల్ పోటీలో అయిదు రౌండ్లు. ఓటమి ఒప్పుకునేవాడు చేత్తో రెండు మూడుసార్లు తడితే చాలు, ఆట ఆగాలి. స్పృహ తప్పినా, తనను తాను కాపాడుకోలేని స్థితిలో ఉన్నా రిఫరీ అడ్డుపడాలి.

ఈ ఆట వయసు చాలా తక్కువ. 1993 నవంబర్ 12న అమెరికాలోని డెన్వర్ నగరంలో యు.ఎఫ్.సి. అనే సంస్థ మొదటి పోటీ పెట్టింది. ఏ విద్య గొప్పదో తేల్చుకుందామని ఒక్కొక్క విద్యలో ఆరితేరినవాళ్లను ఒక బోనులోకి దింపారు. అప్పట్లో నిబంధనలు దాదాపు లేవు. బరువు తేడాలూ పట్టించుకోలేదు. సన్నగా ఉండే బ్రెజిల్ యువకుడు రాయిస్ గ్రేసీ తనకంటే బలిష్ఠులను నేలమీదకు లాగి లొంగదీసి గెలిచాడు. తర్వాత కొన్నాళ్లకు అమెరికా సెనేటర్ జాన్ మెకేన్ ఈ పోటీలను మనుషుల కోడిపందాలతో పోల్చి, నిషేధించాలని పట్టుబట్టాడు. కోడిపందెం ఎలా ఉంటుందో మన తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ దెబ్బతో నిబంధనలు వచ్చాయి. తలతో కుమ్మడం, కళ్లలో పొడవడం, మర్మాంగాల మీద కొట్టడం, తల వెనక, వెన్నుపూస మీద కొట్టడం నిషేధమయ్యాయి. 2001లో 20 లక్షల డాలర్లకు చేతులు మారిన ఆ సంస్థ 2016లో సుమారు 400 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. పదిహేనేళ్లలో అంత పెరిగిన వ్యాపారం మన వీధి చివరిదాకా రాకుండా ఎలా ఉంటుంది?

మన ఇళ్లలోకి ఇది ఒక్కసారిగా ఊడిపడలేదు. 1990లలో కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో పిల్లలు డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. కుస్తీలు చూసి, ట్రంప్ కార్డులు పోగేసుకుని, మంచాల మీద నుంచి తమ్ముళ్ల మీదకు దూకేవాళ్లు. అది ముందే రాసుకున్న నాటకమని తెలిసేసరికి వాళ్లకు మీసాలొచ్చాయి. ఆ తర్వాత తెలుగు సినిమా అందుకుంది. 1999లో 'తమ్ముడు', 2003లో 'అమ్మా నాన్న ఓ తమిళ అమ్మాయి', రెండింటిలోనూ కథానాయకుడు కిక్ బాక్సింగ్‌లో గెలిచి ఇంటి పేరు నిలబెడతాడు. 2022లో వచ్చిన 'లైగర్' నేరుగా ఈ బోను పోరు మీదనే. మైక్ టైసన్‌ను సైతం తెచ్చినా ఆ సినిమా ఆడలేదు, అది వేరే సంగతి. ఇక నిజం పోటీలు కూడా హైదరాబాద్ దాకా వచ్చాయి. బహ్రెయిన్ రాజకుటుంబీకుడు షేక్ ఖాలిద్ బిన్ హమద్ స్థాపించిన బ్రేవ్ సంస్థ 2018 డిసెంబర్‌లో ఇక్కడ పోటీ నిర్వహించింది. సినీ నటుడు టైగర్ ష్రాఫ్ కుటుంబం నడిపే మ్యాట్రిక్స్ ఫైట్ నైట్ 2021లో ఇక్కడ జరిగింది. అబూధాబీలో, రియాద్‌లో యు.ఎఫ్.సి. పోటీలు జరుగుతున్నాయి. గల్ఫ్‌లో అన్నో బాబాయో లేని ఇల్లు మన బస్తీల్లో అరుదు కాబట్టి, ఆ కబుర్లూ వీడియోలూ వెంటనే ఇంటికి చేరిపోతాయి.

అయినా మన కుర్రవాళ్ల మనసు దోచినది సినిమా కాదు, సంస్థలూ కావు. ఒక మనిషి. ఖబీబ్ నూర్మగొమెదోవ్.

రష్యాలోని దగెస్తాన్ కొండల్లో పుట్టినవాడు. తండ్రి అబ్దుల్ మనాప్ కోచ్. కన్నకొడుకుతో పాటు ఊరి పిల్లలకూ కుస్తీ నేర్పినవాడు. ఖబీబ్ చిన్నతనంలో ఎలుగుబంటి పిల్లతో కుస్తీ పడుతున్న వీడియో చూడని కుర్రవాడు మా వీధిలో లేడు. 29 పోటీలు ఆడి 29 గెలిచాడు. గెలిచిన ప్రతిసారీ అల్హమ్దులిల్లాహ్ అన్నాడు. 2018లో ప్రత్యర్థి కానర్ మెక్‌గ్రెగర్ విలేకరుల ముందు తన సొంత విస్కీ అందిస్తే, నేను తాగనని తిరస్కరించాడు. కోట్లాదిమంది చూస్తుండగా, ఏ మాత్రం సిగ్గుపడకుండా, ఏ మాత్రం సమర్థించుకోకుండా తాగనని చెప్పిన యువకుణ్ణి చూసి మన పిల్లలు గర్వపడ్డారంటే తప్పు పట్టలేం. తమ గడ్డం గురించీ టోపీ గురించీ కాలేజీలో, బస్సులో ఏదో ఒకటి విని వచ్చే పిల్లలు వీళ్లు.

అయితే ఆ కథలో మన పిల్లలు తొందరగా దాటేసే రెండు ఘట్టాలున్నాయి. మొదటిది 2018 అక్టోబర్ 6 రాత్రి. మెక్‌గ్రెగర్‌ను ఓడించాక ఖబీబ్ ఊరుకోలేదు. పోటీకి ముందు ప్రత్యర్థి తన తండ్రినీ, దేశాన్నీ, ధర్మాన్నీ కించపరిచాడన్న కోపంతో బోను దూకి, ప్రత్యర్థి శిబిరంలోని మనిషి మీద పడ్డాడు. పెద్ద గొడవ అయింది. తొమ్మిది నెలల నిషేధం, 5 లక్షల డాలర్ల జరిమానా పడ్డాయి. కొడుకు గెలిచినందుకు పొంగిపోవలసిన తండ్రే, నా దగ్గర ఇంతకంటే కఠినమైన శిక్ష ఉంటుందని విలేకరుల ముందు చెప్పాడు. ఎదుటివాణ్ణి పడగొట్టినవాడు బలవంతుడు కాడు, కోపం వచ్చినప్పుడు తనను తాను అదుపులో ఉంచుకున్నవాడే బలవంతుడని దైవప్రవక్త (స) బోధించినట్టు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఆ రాత్రి ఖబీబ్ మొదటి కుస్తీ గెలిచి రెండోది ఓడాడు.

రెండో ఘట్టం 2020లో. జూలైలో తండ్రి కరోనా అనంతర సమస్యలతో మరణించాడు. అక్టోబర్ 24న అబూధాబీలో గెలిచి, గ్లవ్స్ విప్పి బోను మధ్యలో పెట్టి, తండ్రి లేకుండా ఇక పోటీకి దిగనని అమ్మకు మాట ఇచ్చానని చెప్పి తప్పుకున్నాడు. అప్పటికి 32 ఏళ్లు. ఎదురుగా కోట్ల డాలర్లున్నాయి. ఖబీబ్ లాగా కావాలనే కొడుకులతో ఇది కూడా మాట్లాడాలి. అమ్మ చెబితే ఆగిపోయినవాడు ఖబీబ్.

హైదరాబాద్‌కు మల్లయుద్ధం కొత్త కాదు. పాతబస్తీ తాలీంఖానాలు, బార్కస్ పహిల్వాన్లు, తెల్లవారకముందే లేచి ఎర్రమట్టి తవ్వి, నూనె కలిపి, దండాలు, బస్కీలు తీసి, పాలూ బాదంపప్పూ తాగే ఉస్తాదులూ షాగిర్దులూ మన తాతలకు తెలుసు. తాలీం అంటేనే శిక్షణ, విద్య. అఖాడాలోకి దిగేవాడు మట్టిని తాకి నుదుటికి అద్దుకునేవాడు. ఉస్తాద్ ముందు పొగ తాగేవాడు కాదు. అలాగని ఆ కాలమంతా బంగారం అని నేననను. పహిల్వాన్ అన్న మాటకు మన నగరంలోనే రెండో అర్థం ఎలా వచ్చిందో అందరికీ తెలుసు. స్థలాల పంచాయితీలు, వడ్డీ వసూళ్లు. తాలీం నేర్పిన బలానికి పని దొరకనప్పుడు అది ఏ గుమ్మం ముందు నిలబడుతుందో మన పెద్దలు చూశారు. తండ్రుల భయంలో సగం అదే.

వారం మధ్యలో ఒక సాయంత్రం ఆ కుర్రవాడు నేర్చుకునే చోటికి వెళ్లాను. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. మెట్లెక్కేసరికి నాకే ఒక రౌండు అయింది. నేలంతా నీలిరంగు మ్యాట్లు, చెమట వాసన, గోడకు అద్దాలు. సైదాబాద్, మలక్‌పేట, అంబర్‌పేట, సరూర్‌నగర్ పిల్లలు. హిందువులూ ముస్లిములూ కలిసి, ఒకరి చేతికి ఒకరు పట్టీలు చుట్టుకుంటున్నారు. మగ్రిబ్ వేళకు నలుగురు పక్కకు జరిగి, మ్యాట్ మీదే సఫ్ కట్టారు. మిగతావాళ్లు పాట కట్టేసి ఆగారు. ఆ దృశ్యం నాకు నచ్చింది. దాచుకోను.

నమాజు అయ్యాక జతలు కట్టారు. మన కుర్రవాడు తన జోడీ నడుము పట్టి ఎత్తి, వెల్లకిలా పడేశాడు. అందమైన పట్టు. అక్కడ నా నోటి నుంచి అనుకోకుండా "షాబాష్" అని వచ్చింది. మా చిన్నప్పటి లెక్కలో ఆట అక్కడితో అయిపోయింది. వీపు నేలను తాకిందంటే చిత్, అంతే. గెలిచినవాడు చెయ్యిచ్చి లేపుతాడు. కానీ ఇక్కడ ఆట అప్పుడే మొదలైంది. కుర్రవాడు పడినవాడి గుండెల మీద కూర్చుని, రెండు చేతులతో ముఖానికి గురిపెట్టాడు. అది అభ్యాసం కాబట్టి మెల్లగా తాకించాడు. పోటీలో అలా తాకించరు. బాక్సింగ్‌లో పడినవాడు లేచేదాకా ఎదుటివాడు దూరంగా నిలబడాలి. కుస్తీలో అసలు దెబ్బే లేదు. ఈ ఆటలో మాత్రం కిందపడినవాడి ముఖం మీద పిడికిళ్లతో, మోచేతులతో కొట్టడం నిబంధనల ప్రకారమే సరైనది. పైగా చేతికి ఉండేది నాలుగు ఔన్సుల పల్చని గ్లవ్స్. బాక్సర్ల గ్లవ్స్ దానికి రెట్టింపు, అంతకంటే ఎక్కువ బరువు.

ఇంటికి వస్తూ దారి పొడవునా ఆలోచించింది ఇదే. తాలీంలో ఆట ఎక్కడ ముగుస్తుందో, బోనులో అక్కడ మొదలవుతోంది. హలాల్, హరామ్ ప్రశ్న కూడా నాకు ఆ గీత దగ్గరే కనిపించింది.

ఎందుకంటే ఇస్లాం బలాన్ని తప్పుపట్టలేదు. బలహీన విశ్వాసికంటే బలమైన విశ్వాసి అల్లాహ్‌కు ఎక్కువ ప్రియుడని హదీసు ఉంది. మక్కాలో పేరుమోసిన మల్లుడు రుకానాతో దైవప్రవక్త (స) కుస్తీ పట్టి పడగొట్టారని అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలు ఉల్లేఖించాయి. ఆ ఉల్లేఖన పరంపర బలం మీద హదీసువేత్తలు చర్చించారు గానీ, కుస్తీ అనుమతించదగినదన్న విషయంలో ధర్మశాస్త్రవేత్తలకు పెద్దగా పేచీ లేదు. ఉహుద్ యుద్ధానికి బయలుదేరుతున్నప్పటి ముచ్చట మరీ ఇంపైనది. రాఫె (ర) అనే బాలుణ్ణి విలుకాడని సైన్యంలో చేర్చుకుంటే, సముర (ర) అనే మరో బాలుడు, నేను వాణ్ణి కుస్తీలో పడగొట్టగలనని మొరపెట్టుకున్నాడు. ఇద్దరికీ కుస్తీ పెట్టారు. సముర పడగొట్టాడు, తనూ చేరాడు. ఇద్దరూ పదిహేనేళ్ల వయసువాళ్లు.

కానీ ముఖం సంగతి వేరు. ఎవరితోనైనా పోరాడవలసి వచ్చినా ముఖాన్ని వదిలేయమని ప్రవక్త (స) ఆదేశించినట్టు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. జంతువు ముఖం మీద వాత పెట్టడాన్ని సైతం వారించారు. శత్రువు ముఖానికీ, పశువు ముఖానికీ ఉన్న ఈ మర్యాద, ఆటలో ఎదురుపడ్డ తోటి కుర్రవాడి ముఖానికి ఉండదా?

1987 అక్టోబర్‌లో మక్కాలో సమావేశమైన ప్రపంచ ముస్లిం లీగ్ వారి ఫిఖ్ మండలి ఈ విషయాన్నే చర్చించి, బాక్సింగ్ ధర్మసమ్మతం కాదని తీర్మానించింది. ఎదుటివాడికి హాని చేయడాన్ని అనుమతించే ఫ్రీస్టైల్ కుస్తీ ప్రదర్శనలనూ అందులోనే చేర్చింది. హాని లేకుండా, వ్యాయామం కోసం ఆడే కుస్తీలకు అభ్యంతరం చెప్పలేదు. అప్పటికి యు.ఎఫ్.సి. పుట్టనేలేదు. కానీ ఆ తీర్మానంలోని తర్కం దీనికి మరింతగా వర్తిస్తుందని చాలామంది ఉలమాల అభిప్రాయం. ముఖం మీద కొట్టకుండా, శరీరాన్ని నాభి నుంచి మోకాళ్ల దాకా కప్పుకుని, నమాజులు పోగొట్టుకోకుండా నేర్చుకునే ఆత్మరక్షణ విద్యను అనుమతించేవారూ ఉన్నారు. మీ మసీదు ఇమామ్ సాహెబ్‌ను అడగండి. నేను ఫత్వా ఇచ్చేవాణ్ణి కాను.

ధర్మం మాట అలా ఉంచి, వైద్యం ఏమంటోందో చూద్దాం. మెదడు పుర్రె లోపల ద్రవంలో తేలుతుంటుంది. గట్టి దెబ్బకు తల ఒక్కసారిగా తిరిగితే మెదడు లోపలి గోడకు తగులుతుంది, లోపలి నరాల తంతువులు సాగి తెగుతాయి. స్పృహ తప్పించే దెబ్బ ఒక్కటే ప్రమాదం అనుకుంటాం. స్పృహ తప్పించని చిన్నచిన్న దెబ్బలు వందల సంఖ్యలో పోగుపడటమూ అంతే హాని అంటున్నారు నిపుణులు. ఆ దెబ్బలు తగిలేది పోటీలో కంటే రోజువారీ అభ్యాసంలోనే ఎక్కువ. ఫలితం ఏళ్ల తర్వాత బయటపడుతుంది. మతిమరుపు, చిరాకు, వణుకు. మన ఇళ్లలో గోడమీద ఫొటో పెట్టుకున్న ముహమ్మద్ అలీకి 1984లో, 42 ఏళ్ల వయసులో పార్కిన్సన్ వ్యాధి అని తేల్చారు. 2016 జూన్‌లో మరణించేదాకా ముప్ఫై రెండేళ్లు ఆ వణుకుతో బతికాడు. ఆయన జబ్బుకు బాక్సింగే ఏకైక కారణమని వైద్యులందరూ చెప్పరు. కానీ తలకు తగిలిన దెబ్బల ప్రసక్తి లేకుండానూ ఎవరూ మాట్లాడరు.

దూరం వెళ్లనక్కర్లేదు. 2022 జూలైలో బెంగళూరులో జరిగిన కిక్ బాక్సింగ్ పోటీలో మైసూరుకు చెందిన యువకుడు ఒక్క గుద్దుకు కుప్పకూలాడు. ఆస్పత్రిలో ప్రాణం పోయింది. చాలినంత వైద్య ఏర్పాట్లు చేయలేదని అతని తండ్రి నిర్వాహకుల మీద ఫిర్యాదు చేశాడు.

ఇంకో ప్రమాదం మన తల్లులకు చెబితే నమ్మరు. బరువు తగ్గించడం. తక్కువ బరువు తరగతిలో ఆడితే గెలుపు సులువని, పోటీకి ముందు నాలుగైదు రోజుల్లో ఒంట్లోని నీళ్లు పిండేసుకుంటారు. నీళ్లు మానేస్తారు, ఆవిరి గదిలో కూర్చుంటారు, ఉమ్ముతూ ఉంటారు. తూకం అయ్యాక మళ్లీ తాగుతారు. రోజా ఉన్నవాడికి సహరీ ఉంది, ఇఫ్తార్ ఉంది. ఇది రోజా కాదు. 2015 డిసెంబర్‌లో చైనా ఫైటర్ యాంగ్ జియాన్‌బింగ్ ఇలాగే బరువు తగ్గించుకుంటూ మనీలాలో మరణించాడు. 21 ఏళ్లు. ఆ తర్వాతే ఆసియాలోని వన్ ఛాంపియన్‌షిప్ సంస్థ ఈ పద్ధతిని నిషేధించింది. సాక్షాత్తు ఖబీబే 2017 మార్చిలో బరువు తగ్గించుకుంటూ ఆస్పత్రి పాలై, టైటిల్ పోటీ పోగొట్టుకున్నాడు. నీ శరీరానికి నీ మీద హక్కుందన్న హదీసు గుర్తొచ్చేది ఇక్కడే.

మరి డబ్బు? కుర్రవాడి వాదనలో బలమైన మాట అదే. యు.ఎఫ్.సి.లో కొత్తగా చేరినవాడికి ఆడినందుకు 10, 12 వేల డాలర్లు, గెలిస్తే మరో అంత అన్నది మామూలు లెక్క. మన రూపాయల్లో పెద్ద మొత్తమే. అయితే ఏడాదికి రెండు మూడు పోటీలు దొరికితే గొప్ప. కోచ్, మేనేజర్, ప్రయాణం, ఆహారం, చికిత్స అన్నీ అందులోనే. సంస్థ ఆదాయంలో ఆటగాళ్లకు దక్కేది అయిదో వంతు కూడా లేదు, అదే అమెరికా బాస్కెట్‌బాల్‌లో దాదాపు సగం అని కోర్టుకెక్కిన పాత ఆటగాళ్లకు, 2025లో 37.5 కోట్ల డాలర్ల పరిహార ఒప్పందానికి కోర్టు ఆమోదం దొరికింది. ఆ గుమ్మం దాకా వెళ్లిన భారతీయులు ఎందరు? భరత్ ఖండారే 2017లో మొదట అడుగుపెట్టాడు. అన్షుల్ జుబ్లీ 2023లో వచ్చాడు. 2024 జూన్‌లో పూజా తోమర్ అక్కడ గెలిచిన తొలి భారత మహిళ అయింది. వేళ్ల మీద లెక్కించవచ్చు. మిగతావాళ్లంతా దేశంలోని చిన్న పోటీల్లో, వచ్చేదానికంటే ఖర్చే ఎక్కువగా ఆడుతున్నవాళ్లే. ఇక ఈ పోటీల చుట్టూ తిరిగే పందేల డబ్బు సంగతి సరేసరి. జూదం విషయంలో ఖుర్ఆన్ ఆజ్ఞ అందరికీ తెలిసిందే.

ఇక్కడ నిజామాబాద్ సంగతి చెప్పాలి. చెప్పడం నాకు కొంచెం కష్టం కూడా. నిఖత్ జరీన్ 2022 మే 19న ఇస్తాంబుల్‌లో ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్ అయినప్పుడు మా ఇంట్లో మిఠాయి పంచాం. 2023లో ఢిల్లీలో మళ్లీ గెలిచింది. ఆడపిల్ల పొట్టి దుస్తులు వేసుకుని ఆడడమేమిటని చుట్టాలు దెప్పిపొడిచినా లెక్కచేయని తండ్రి మొహమ్మద్ జమీల్ అహ్మద్. 2024లో ఆమె తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీగా చేరింది. అదే ఊరి హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు తెచ్చాడు. ముఖం గురించి ఇన్ని మాటలు రాసి, బాక్సర్లను చూసి గర్వపడటం ఏమిటని అడిగితే నా దగ్గర సూటి జవాబు లేదు. ఒక తేడా మాత్రం చెప్పగలను. వాళ్ల వెనక ఒక సమాఖ్య ఉంది, శిబిరం ఉంది, డాక్టరున్నాడు, ఆట ఆగిపోయినా నిలిచే ఉద్యోగం ఉంది. ఎం.ఎం.ఎ.ను 2026 ఐచీ-నగోయా ఆసియా క్రీడల జాబితాలో చేర్చారు. రేపు దీనికీ అలాంటి నీడ దొరకవచ్చు. ఇవాళ నాలుగో అంతస్తు నుంచి దిగే కుర్రవాడికి అది లేదు.

జుమా వచ్చింది. ఆ తండ్రీకొడుకులను ఇంటికి పిలిచాను. చాయ్ తాగుతూ తెలుసుకున్నదంతా చెప్పాను. తండ్రి మొహం వెలిగింది. "విన్నావా?" అన్నారు కొడుకు వైపు తిరిగి.

"మీరు కూడా వినండి భాయ్ సాబ్" అన్నాను. "వాడి కోచ్‌ను ఎప్పుడైనా కలిశారా?"

కలవలేదు. మూడేళ్లుగా కొడుకు వెళ్తున్న చోటు ఎక్కడుందో కూడా ఆయనకు తెలియదు. వెళ్లి చూడమన్నాను. దెబ్బ తగిలిన పిల్లవాణ్ణి ఎన్ని రోజులు ఆపుతున్నారు, పద్దెనిమిది నిండని పిల్లల తలమీద కొట్టిస్తున్నారా, పోటీ రోజు ఆంబులెన్స్ ఉంటుందా, బరువు ఎలా తగ్గిస్తున్నారు, కాగితాల మీద ఎవరి సంతకం తీసుకుంటున్నారు, ఇవన్నీ అడగమన్నాను. కోచ్ విసుక్కుంటే అక్కడే జవాబు దొరికినట్టు.

కుర్రవాడు అంతసేపూ మాట్లాడలేదు. చివరికి, "కుస్తీ అయితే ఫర్వాలేదా చాచా? జూడో?" అన్నాడు.

"వాటిలో ముఖం మీద దెబ్బ లేదు బేటా. ఒలింపిక్స్‌లోనూ ఉన్నాయి, ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా కూడా ఉంది."

"కానీ వాటిని ఎవరూ చూడరు కదా" అన్నాడు.

అది నిజం. ఆ మాటకు నేనూ, వాళ్ల అబ్బా ఇద్దరం కాసేపు చాయ్ కప్పులు చూసుకుంటూ కూర్చున్నాం. ఎంసెట్ దరఖాస్తుకు ఇంకా గడువుందట. కడతానన్నాడు. సాయంత్రం అభ్యాసం మాననన్నాడు. వచ్చే మంగళవారం ఇద్దరూ కలిసి ఆ నాలుగు అంతస్తుల మెట్లెక్కడానికి ఒప్పుకున్నారు. అస్ర్ అజాన్ వినిపించింది. లేచాం. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆయన కొడుకు చెవిని రెండు వేళ్లతో తాకి, "నొప్పి ఉందా?" అని అడిగారు. ఆ చెవి అలా అయి ఏడాది దాటింది.